బెరడు మీది పేరు

నేను రొట్టెల పిండి పిసుకుతుంటే మరిది ఎలీసియో వంటింటి గుమ్మంలో నిలబడి, అన్నయ్య సమాధి రాయి మీద నా పేరు కూడా చెక్కిస్తున్నామన్నాడు. మెలితోన్ పేరు కింద ‘భార్య ఎలోయిదా’ అని, పుట్టిన ఏడు వేసి, పోయిన ఏడు దగ్గర ఖాళీ వదులుతారట. మా ఊరి శ్మశానంలో భర్త పోయిన ఆడవాళ్ళ పేర్లన్నీ అలాగే ఎదురుచూస్తూ ఉంటాయి.

“సాయంత్రానికి ఊఁ అను వదినా. రేపు చెక్కడం మొదలుపెడతారు.”

“దాన్ని అడిగేదేముంది? ఇంకెక్కడ పడుకుంటుంది?” అన్నారు అత్తగారు, పొయ్యి దగ్గరనుంచి తల తిప్పకుండానే.

“పైన అడవిలో చెట్టు మీద అన్నయ్య చెక్కిన ఆడపేరు చూస్తే అక్కడ పడుకోదులే అమ్మా. చుట్టూ గుండె బొమ్మ కూడా గీశాడు” అని ఎలీసియో నవ్వాడు.

ఎవరి పేరని నేను అడగలేదు. పిండి మీద తడిగుడ్డ కప్పి, శాలువా తీసుకుని బయల్దేరాను.

కొండ సగంలో ఉన్న నీటి ఊట దాకా తెలిసిన దారే. మంచు కరిగింది మొదలు మళ్ళీ పడేదాకా గొర్రెల మంద కొండమీదే ఉండేది. వారమంతా బడిలో పాఠాలు చెప్పి, శనివారం రొట్టెలు, ఉడికించిన చిక్కుడు గింజలు, ఉతికిన బట్టలు వీపున కట్టుకుని ఊట దాకా మోసేదాన్ని. ఆయన అక్కడికి దిగివచ్చి మూట అందుకుని, మాసిన బట్టలు ఇచ్చేవారు. ఒకసారి నేనూ పైకి వస్తానంటే, “ఆడవాళ్ళు వస్తే గొర్రెలు బెదురుతాయి” అన్నారు. మందలో ఉన్నవి దాదాపు అన్నీ ఆడవే కదా అని అడగబోయి ఊరుకున్నాను. పిల్లలకు మాత్రం తోచింది అడగమని రోజూ చెప్పేదాన్ని.

ఊట దాటాక దారి గడ్డిలో కలిసిపోయింది. కొలరాడో పటాల్లో ఎక్కడా లేని దారి అది. ఎటు చూసినా ఆస్పెన్ చెట్లే, ఒకేలాంటి తెల్లటి మానులు, వాటి మీద కళ్ళలాంటి నల్లటి కణుపులు. గాలి ఉన్నట్టే తెలియదు, ఆకులు మాత్రం వణుకుతుంటాయి. ఆ చప్పుడుకు వాన మొదలైందేమోనని మాటిమాటికీ పైకి చూశాను. పడమట మబ్బు నల్లబడుతోంది. ఒక మాను మీద ఎలుగు గోళ్ళ గీతలున్నాయి. పిడుగు, ఎలుగు, దారి తప్పడం, ఏ భయమూ నా మనసులో నిలవలేదు. అంత్యక్రియల్లో నాకంటే ఎక్కువ ఏడ్చింది ఎవరు? వాళ్ళలో ఎవరు కొండెక్కి వచ్చి ఉంటారు? గొర్రెలు ఎవరిని చూసి బెదరలేదు?

అక్కడ దారి చూపేది మానుల మీద కాపరులు చెక్కుకున్న పేర్లే. ఒక పేరు దగ్గర నిలబడితే ఇంకో పేరు కనిపిస్తుంది. కత్తిమొనతో వెంట్రుకంత సన్నగా గీస్తారు. గీసిన రోజు ఏమీ కనిపించదు. ఏళ్ళు గడిచేకొద్దీ చెట్టే ఆ గీతను నల్లగా ఉబ్బిస్తుంది. కొత్తవాళ్ళు తొందరపడి లోతుగా చెక్కుతారు, ఆ అక్షరాలు చెదిరిపోతాయి.

మెలితోన్. గీతలు నిటారుగా, ఆయన మాటలాగే. పక్కన ఆయన తండ్రి, ఎలీసియో, మా ముసలి కంచరగాడిద పేర్లు. ఆ పక్క మాను మీద గుండె బొమ్మ, అందులో ఒక పేరు. చాతా.

స్పానిష్‌లో చప్పిడిముక్కుది అని అర్థం. మా గొర్రెల కుక్క.

ఆకుల్లో కూలబడి నవ్వాను. ఆ ఊరటకు వెంటనే సిగ్గేసింది. లేచి, చుట్టూ ఉన్న ప్రతి మానునూ చేత్తో తడిమి మరీ నా పేరు కోసం వెతికాను. కంచరగాడిద ఉంది, కుక్క ఉంది. చాతా మీద నాకు కోపం లేదు. ఊట దగ్గర నా చేయి నాకి స్వాగతం చెప్పింది అదొక్కటే. ఆయన లేరన్న దిగులు కూడా పోలేదు. అది ఉండగానే ఇంకొకటి తెలిసింది. ఇంకో ఆడది ఉండి ఉంటే, కనీసం ఆయనకు ఆడవాళ్ళ పేర్లు గుర్తుండేవని అనుకునేదాన్ని.

ఉరుము దగ్గరపడింది. ఆ పేర్లన్నీ దాటి, ఏ పేరూ లేని మాను దగ్గరికి నడిచాను. ఏప్రాన్ జేబులో ఆపిల్ తొక్క తీసే కత్తి ఉంది.  తొందరపడకుండా, వెంట్రుకంత సన్నగా నా పేరు గీశాను. వెనక్కి జరిగి చూస్తే బెరడు తెల్లగానే ఉంది.

తడిసి ఇల్లు చేరేసరికి పిండి పొంగి, కప్పిన గుడ్డను పైకెత్తేసింది.

“చూశావా వదినా?” అన్నాడు ఎలీసియో, నవ్వు ఆపుకుంటూ.

“చూశాను. రాయి మీద మీ అన్నయ్య పేరొక్కటే చెక్కించు.”

అత్తగారు అప్పుడు తల తిప్పారు. “మరి నీ పేరో?”

“చెక్కడం అయిపోయింది అత్తయ్యా. కనిపించడానికి కొన్నేళ్ళు పడుతుంది.”