రాజకుమారి పెట్టిన కాపలా

అరకులోని ఆ కాఫీ రైతుల కంపెనీలో రాజకుమారి చేరేనాటికి ఆఫీసు మొత్తానికీ ఒకటే పాస్‌వర్డ్. మేనేజర్ వరహాలరావు దాన్ని తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాడు.

“ఎవులు సెలవెట్టినా పని ఆగకూడదమ్మా” అన్నాడు, కొత్తగా వచ్చిన పిల్లకి ఆఫీసు చూపిస్తూ.

రాజకుమారిది డుంబ్రిగుడ అవతల కొండ మీది ఊరు. విశాఖపట్నంలో కంప్యూటర్లు చదివింది. అక్కడే ఒక బ్యాంకులో దొంగ మెయిళ్ళనీ వైరస్‌లనీ కనిపెట్టే విభాగంలో పనిచేసింది. ఈ ఉద్యోగం ఉందని తెలియగానే కొండెక్కి వచ్చేసింది. చుట్టుపక్కల గిరిజన రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీ ఇది. వాళ్ళ కాఫీ ఏ దేశంలో అమ్ముడైనా, ప్యాకెట్ మీది గుర్తును ఫోన్‌తో చూస్తే ఆ గింజలు ఏ ఊళ్ళో ఏ ఇంటివాళ్ళు పండించారో కనిపిస్తుంది. ఆ వివరాలన్నీ ఉన్నది ఈ కంప్యూటర్లలోనే. అవి పోతే, మందులు కొట్టకుండా పండించామని కొనేవాళ్ళకి చూపించడానికి ఏమీ మిగలదు.

మొదట్లో అందరికీ చెప్పి చూసింది. అందరూ తలూపారు. కాఫీ పళ్ళ సీజను రాగానే మరిచిపోయారు. ఆమెకి వాళ్ళ మీద కోపం రాలేదు. గేటు దగ్గర పళ్ళ బండ్లు బారులు తీరి ఉంటే పాస్‌వర్డ్ మార్చుకోవాలని ఎవరికి గుర్తుంటుంది? అసలు మనిషి గుర్తుపెట్టుకోనవసరం లేకుండానే జరిగిపోవాలి అనుకుంది.

నెలల తరబడి అదే పని మీద కూర్చుంది. గోడ మీది కాగితం చింపేసి ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకిచ్చింది. కంప్యూటర్లు వాటంతట అవే అప్‌డేట్ అయ్యేలా చేసింది. రైతుల వివరాల నకలు ఎప్పటికప్పుడు మరో చోటికి వెళ్ళేలా, దాన్ని ఆఫీసులోంచి ఎవరూ చెరపలేకుండా ఏర్పాటు చేసింది. ఏ కంప్యూటరైనా ఉన్నట్టుండి గుట్టలుగా ఫైళ్ళు మార్చడం మొదలుపెడితే, ఎవరినీ అడక్కుండా దాన్ని మిగతావాటి నుంచి విడగొట్టే ప్రోగ్రాం పెట్టింది.

కంపెనీ చైర్మన్ ఫల్గుణ తల నెరిసిన రైతు. ఇదంతా ఓపిగ్గా విని, “దీని ఎదర నువ్వు కూకోనక్కర్లేదా?” అని అడిగాడు.

“అక్కర్లేదు తాతా. నేనూళ్ళో లేకపోయినా అదే సూసుకుంటాది.”

ముసలాయన నవ్వాడు. “మా అయ్య సామ సేలో ఇలాటిదే కట్టీవోడు. వాగు నీళ్ళు ఎదురుబొంగు గొట్టంలో పడి, నిండితే అది ఒరిగి, నీళ్ళు కక్కేసి, ఎనక్కొచ్చి రాతి మీద టక్కుమని కొట్టీది. ఆ సప్పుడికి పందులు రావు. అయ్య ఇంట్లో నిమ్మలంగా తొంగునీవోడు. పెట్టమ్మా, పెట్టు.”

వరహాలరావుకే అది నచ్చలేదు. ఒకసారి బెంగళూరులో కాఫీ ప్రదర్శనకి వెళ్ళి, హోటల్లో ఆఫీసు మెయిల్ తెరవబోతే తెరుచుకోలేదు. అక్కణ్ణుంచే ఫోన్లో కేకలేశాడు.

“నా మెయిల్ నాకే రాదా? ఏటి సేత్తన్నావు నువ్వు?”

“కొత్త ఊరి నుంచి ఎవరో తెరుస్తున్నారని నేను పెట్టిన ప్రోగ్రామే ఆపేసింది సార్. మీ ఫోన్‌కి ఒక ప్రశ్న వచ్చుంటాది, సూడండి. మీరేనని నొక్కితే చాలు.”

నొక్కాడు. తెరుచుకుంది. అయినా అరకు వచ్చాక కూడా చాన్నాళ్ళు గొణుగుతూనే ఉన్నాడు.

డిసెంబరులో పళ్ళు జోరుగా దిగుతున్న రోజుల్లో, కొండ మీద కొత్తగా తెరిచిన కొనుగోలు కేంద్రంలో కంప్యూటర్ పెట్టడానికి రాజకుమారి జీపెక్కి వెళ్ళింది. ఆ ఊళ్ళో సిగ్నల్ అందదు.

ఆ పొద్దుటే నాగలక్ష్మికి ఒక మెయిల్ వచ్చింది. నాగలక్ష్మి విజయనగరం వైపు మనిషి, ఎగుమతి పనులు చూస్తుంది. ‘మీ కంటైనర్ ఓడరేవులో ఆగిపోయింది, కింద జతచేసిన కాగితాలు వెంటనే చూడండి’ అని ఓడ ఏజెంటు రాసినట్టే ఉంది. ఆ వారం నిజంగానే ఒక కంటైనర్ వెళ్ళింది. ఆమె గుండె గుభేలుమంది. నొక్కేసింది.

కళ్ళ ముందే ఫైళ్ళ పేర్లు ఒకటొకటిగా అర్థంలేని అక్షరాలుగా మారిపోసాగాయి. “సార్! బేగి రండి!” అని అరిచింది. వరహాలరావు పరుగున వచ్చేలోగా తెర నల్లబడి, దాని మీద తెలుగు అక్షరాలు వచ్చాయి.

‘ఈ కంప్యూటర్‌ని మిగతావాటి నుంచి వేరు చేశాను. కంగారు పడకండి. తప్పు మీది కాదు. ఇలాంటి మెయిల్ చూస్తే నేనూ మోసపోయేదాన్నే. దీన్ని ఇలాగే వదిలేసి పక్క కంప్యూటర్‌లో పని చేసుకోండి. ఫైళ్ళు అవే వెనక్కి వస్తాయి. మీ రాజకుమారి.’

నాగలక్ష్మి ఆ మాటలు మళ్ళీ మళ్ళీ చదువుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇలా ఒకరు భయపడి నిలబడతారని రాజకుమారి గుంట ముందే ఊహించి రాసిపెట్టింది!

వరహాలరావు రాజకుమారికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అందలేదు. బయట రైతులు పళ్ళ బస్తాలతో వరసలో ఉన్నారు. కోసిన పళ్ళు ఆ రోజే తొక్క తీయకపోతే పులిసిపోతాయి. అంతా ఆపించేద్దామా అనుకున్నాడు. తూకం గదిలోకి వెళ్ళి చూశాడు. అక్కడి కంప్యూటర్ మామూలుగానే నడుస్తోంది. పక్క గదిలోదీ అంతే.

“ఆపొద్దు, కానీండి” అన్నాడు.

మధ్యాహ్నానికి నాగలక్ష్మి పక్క కంప్యూటర్ తెరిచి చూస్తే రైతుల పేర్లు, తోటలు, పంట వివరాలు అన్నీ ఎప్పటిలా ఉన్నాయి. వరసలో నిలబడ్డ రైతులకి ఏదో జరిగిందన్న సంగతే తెలియలేదు.

సాయంత్రం జీపు ఘాట్ మలుపు తిరగగానే రాజకుమారి ఫోన్ ఆగకుండా మోగింది. ప్రోగ్రాం పంపిన సందేశాలు వరసగా చదివింది. దాడి జరిగింది. కంప్యూటర్ వేరైంది. దొంగ చేతికి చిక్కిన పాస్‌వర్డ్ రద్దయింది. ఫైళ్ళు తిరిగొచ్చాయి. చదవడం అయ్యాక సీటుకి జారగిలబడి గట్టిగా ఊపిరి వదిలింది. బ్యాంకులో ఉండగా ఇలాంటివి చాలా చూసింది గానీ, ఇక్కడ పోతే పోయేవి తన వాళ్ళ పేర్లే.

ఆఫీసుకి రాగానే కంప్యూటర్ వైపు వెళ్ళకుండా తిన్నగా నాగలక్ష్మి దగ్గరికి వెళ్ళింది.

“అక్కా, అన్నం తిన్నావా?”

“తిన్నానమ్మా. సిగ్గుతో సచ్చిపోదును, నీ మాటలు సూశాక తిన్నాను.”

“ఆ మెయిల్‌ని, దొంగ మెయిళ్ళకని నేను పెట్టిన జల్లెడే పట్టుకోవాల. అది వదిలీసింది. రేపు దాని సంగతి సూస్తాను.”

వరహాలరావు తనే టీ పోసి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. “నువ్వు కొండ మీదున్నావు. అయినా రోజంతా నువ్వు మా పక్కనున్నట్టే ఉందమ్మా” అన్నాడు. ఆయన నోటి నుంచి అలాంటి మాట ఆఫీసులో ఎవరూ వినలేదు. నాగలక్ష్మి ఆ పొద్దున రాసుకున్న, ఇంకా నకలు వెళ్ళని ఉత్తరాలు కొన్ని మాత్రం తిరిగి రాలేదు. రాజకుమారీ ఆమే కూర్చుని వాటిని మళ్ళీ రాశారు.

సంగతి ఆ నోటా ఈ నోటా గుమ్మలక్ష్మీపురం దాకా పాకింది. అక్కడ చింతపండు, పసుపు అమ్మే ఆడవాళ్ళ సంఘం ఒకటుంది. తమకీ అలాంటి కాపలా పెట్టిపొమ్మని వాళ్ళు కబురు పెట్టారు. రాజకుమారి నాగలక్ష్మిని వెంటబెట్టుకుని వెళ్ళింది.

సంఘం ఆడవాళ్ళంతా చాపల మీద కూర్చున్నాక రాజకుమారి మొదలుపెట్టబోయింది. నాగలక్ష్మి ఆమె భుజం మీద చెయ్యేసి ఆపింది.

“ముందు నన్ను సెప్పనీ” అని, అందరి వైపూ తిరిగింది. “ఆ దొంగ మెయిల్ నొక్కింది నేనేనమ్మా. అది ఎలాగొచ్చిందో, నాకెందుకు నిజమనిపించిందో సెప్తాను, ఇనండి.”