ఎదురెదురు కెమెరాలు

టీవీ వాళ్ళు కనిపిస్తే మా బావ కంటికి సూర్యుడు కూడా ఆనడు. సూర్యుడి మీద లేచే పేలుళ్ళను కనిపెట్టి హెచ్చరించే మా ఆఫీసుకి ఆయనే పెద్ద తలకాయ. ఆయన కింద పనిచేసే మరదల్ని నేను. అంతరిక్షంలోని కెమెరాలు పంపే చదునైన ఫొటోలను కలిపి, పేలుడులోంచి వచ్చిన మబ్బు ఎంత లావుందో, ఎటు పోతోందో రూపం కట్టడం నా పని. ఆ రూపం ముందు నిలబడి ఫోజులివ్వడం ఆయన పని.

ఆ రోజు మన వైపు కెమెరాలో సూర్యుడి చుట్టూ గుండ్రంగా మబ్బు లేచింది. సూర్యుడికి అవతలున్న కెమెరాలోనూ అంతే.

"ఇద్దరు సాక్షులు! ఇంకేం కావాలి? నేరుగా మన మీదికే," అన్నాడు బావ టై సర్దుకుంటూ.

"అవి రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి బావగారూ. ఒకే గీత మీద నుంచి చూస్తున్నాయి. మబ్బు ఇటొస్తోందో అటుపోతోందో వాటికి తెలీదు. పక్కనుంచి చూసే మూడో కెమెరా ఫొటో సాయంత్రానికి వస్తుంది, ఆగండి."

"సాయంత్రం దాకా టీవీ వాళ్ళు ఆగుతారా?"

కాలేజీ పిల్లలు కూడా చేయని తప్పు అది. గోడకు చెప్పుకున్నట్టే అయింది. మబ్బు తాకితే కాలిపోతాయి కాబట్టి తెల్లారేలోగా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఆపేయాలని టీవీలో గంభీరంగా ప్రకటించాడు. అవి ఆపాల్సింది కరెంటు కంట్రోల్ రూములో పనిచేసే మా అక్క, అంటే సాక్షాత్తూ ఆయన భార్య. ఆపితే ఈ చలిలో సగం ఊరు చీకటి. ఆపకపోతే అక్క ఉద్యోగానికే ఎసరు.

సాయంత్రం మూడో ఫొటో వచ్చింది. మబ్బు అవతలికి పోతోంది. మూడూ కలిపి రూపం కట్టి బావకి చూపించాను.

"ఇప్పుడు మాట మారిస్తే నా పరువేం కాను?" అన్నాడు.

పరువట! ఒళ్ళు మండి అక్కకి ఫోన్ చేశాను.

"ఖాయమేనా?" అంది అక్క.

"ఖాయం."

"అయితే ఆపను. ఇళ్ళల్లో పసిపిల్లలున్నారు."

ఏమీ రాలేదు, ఏదీ కాలలేదు. అయినా హెచ్చరికను లెక్కచేయలేదని అక్క మీద విచారణ పెట్టారు. మూడో ఫొటో బావకి చూపించిన సంగతి నేను చెబితే, "మీరు ఆవిడ చెల్లెలు కదా," అని కూర్చోబెట్టారు. తర్వాత బావని పిలిచారు. అక్క ఎదురుగానే కూర్చుని ఉంది.

"మీ హెచ్చరిక సరైనదేనా?"

"సరైనదే. వెనక్కి తీసుకోవాల్సిన సమాచారమేదీ నా దగ్గరకి రాలేదు," అన్నాడు బావ, కనురెప్ప కూడా వేయకుండా.

"సొంత భార్యని కూడా వెనకేసుకు రాలేదు, ఎంత నిజాయితీ!" అని విచారణాధికారి మెచ్చుకున్నాడు. అక్క ఉద్యోగం పోయింది. బావని చూస్తే నాకు అసహ్యం వేసింది.

బయట బావ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "పద, ఇంటికి పోదాం."

"మీరు వెళ్ళండి. నేను చెల్లెలింట్లో ఉంటాను," అంది అక్క. "ఇక మీ ఇంటికి రాను."

బావ మొహం పాలిపోయింది. గబగబా అటూ ఇటూ చూశాడు, ఆ మాట ఎవరైనా విన్నారేమోనని.