మేరీగారి ఉంగరం

మేరీ అనే పేషెంటును నేను ఎన్నడూ చూడలేదు. అయినా ఆమె గురించి నన్ను నిద్రలో లేపి అడిగినా ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తాను. ఆపరేషన్ అంటే ఆమెకున్న భయం, తీయనని ఆమె మొండికేసిన పెళ్లి ఉంగరం, దాని మీద నేను టేపు చుట్టి ఆమెను థియేటర్‌లోకి పంపడం, చివర్న ఆమె కళ్లనీళ్లతో థాంక్యూ చెప్పడం. ఆ థాంక్యూ దగ్గర కాస్త ఆగి చిరునవ్వు నవ్వాలని కూడా మా జనార్దన్ సార్ నేర్పాడు. నవ్వు కూడా బట్టీయే!

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పేరు స్వర్ణలత, ఊరు సిరిసిల్ల. ఇంగ్లండ్‌లో నర్సు ఉద్యోగం కోసం, డ్యూటీ దిగాక జనార్దన్ సార్ కోచింగ్‌లో ఇంగ్లీషు నేర్చుకున్నాను. పరీక్ష మొదటిసారి తప్పాను, రెండోసారి గట్టెక్కాను. ఇక మిగిలింది వీడియోలో ఇంటర్వ్యూ. అది అయితే ఉద్యోగం, కాకపోతే మళ్లీ ఇదే వార్డు. మా అమ్మ మాత్రం అప్పుడే "మా బిడ్డ లండన్ పోతంది" అని గల్లీ అంతా చాటేసింది. నేను పోయేది లండన్ కాదే తల్లీ అంటే వినదు.

అసలు ఆ కథ మేరీది కాదు, శంకరవ్వది. వెల్గటూర్ నుంచి గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చింది. థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు నగలన్నీ తీయాలి కదా, మెట్టెలు తీసింది, కమ్మలు తీసింది, పుస్తెలతాడు దగ్గర అడ్డం తిరిగింది.

"మా ముసలోడు బయట గుండ్రాయి లెక్క నిలవడ్డడు. ఆయన బతికుండంగ నేను పుస్తెలు తీసుడేంది? కోస్తె గిట్లనే కొయ్యుండ్రి, లేకుంటె ఇంటికి పోత" అంది.

థియేటర్ సిస్టర్ అరిచింది, డాక్టర్ గడియారం చూసుకున్నాడు. నేను క్యాంటీన్‌కు ఉరికి ఒక పసుపు కొమ్ము తెచ్చి, నూలు దారానికి కట్టి, ఆమె భర్త సాంబయ్య చేతికిచ్చాను. అక్కడే, స్ట్రెచర్ పక్కనే కట్టమన్నాను. ఆయన చేతులు వణికాయి.

"గీ వయసుల నాకిదేం పరీక్ష బిడ్డా?" అన్నాడు.

"మొదటిపారి గూడ గిట్లనే వణికినవ్ తియ్" అంది శంకరవ్వ. అరిచిన సిస్టర్ కూడా నవ్వింది. మెడలో పసుపుదారం పడ్డాక, శంకరవ్వే తన చేత్తో పుస్తెలతాడు తీసి నాకిచ్చింది.

రోగి నమ్మకాన్ని గౌరవించిన సందర్భం చెప్పమని ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారని సార్ అంటే, నేను ఎంతో మురిసిపోతూ ఇదంతా చెప్పాను. సార్ మొహం చిట్లించాడు.

"పసుపు కొమ్మంటే ఆళ్లకేం తెలుస్తది? కూరల ఏస్తరు గంతే. మనల్ని అడివి మనుషులనుకుంటరు. మేరీ అను, వెడ్డింగ్ రింగ్ అను, సాఫ్‌గ ఉంటది" అన్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. నిజం చెప్పాలంటే ప్రాణం కుదుటపడింది. ఇంటర్వ్యూ చేసే తెల్ల మేడం ముందు కూర్చుని పసుపు కొమ్ము, ముసలోడు, వెల్గటూర్ అని చెప్పాలంటే నాకే ఎట్లాగో అనిపించింది. ఉంగరం అయితే నాజూగ్గా ఉంది.

ఇంటర్వ్యూ రోజు కోచింగ్‌లోనే, ప్లైవుడ్ కొట్టిన చిన్న గదిలో, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అనుకున్న ప్రశ్నే వచ్చింది. మేరీగారిని అందుకున్నాను. ఎక్కడా తడబడలేదు. థాంక్యూ దగ్గర ఆగాను, నవ్వాను.

స్క్రీన్‌లో మేడం కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు వేరు. "మేరీ గురించి ఈరోజు నేను వినడం ఇది మూడోసారి. అదే ఉంగరం, అదే టేపు" అంది, నెమ్మదిగా, నాకు అర్థమయ్యేటట్టు.

నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. సార్ నా కథను అన్ని బ్యాచులకూ పంచిపెట్టాడు! ఫీజు తీసుకుని నా నోట్లోని ముద్ద తీసి ఊరందరికీ పెట్టాడు దొంగముఖంవాడు!

"మీకే జరిగింది ఏదైనా ఉందా?" అని మేడం అడిగింది. తిట్టలేదు, నిజంగానే అడిగింది. శంకరవ్వ నా నాలుక కొస మీద ఉంది. పసుపు కొమ్ముకు ఇంగ్లీషు మాట కూడా నాకు తెలుసు. కానీ ఆమె వెనక అద్దాల కిటికీ, ఆమె మెడలో సన్నటి ముత్యాల గొలుసు చూశాను.

"నో మేడం" అన్నాను.

ఆమె ఏదో రాసుకుంది. ఆ ఉద్యోగం అక్కడితో పోయింది.

బయట బల్ల మీద షాజియా కూర్చుంది. కోరుట్ల అమ్మాయి, సాయంత్రం బ్యాచు, తర్వాత వంతు తనదే. పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటోంది.

"ఏమడిగిండ్రక్కా? నీకెట్లయింది?"

చెప్పాలి. మేరీని ముట్టకు అని ఒక్క మాట. కానీ ఆ మాట అంటే నేను దొరికిపోయానని తెలిసిపోతుంది. పక్కన సార్ నిలబడి ఉన్నాడు, ఇంకో ఇద్దరు పిల్లలు నా మొహమే చూస్తున్నారు.

"మంచిగనే అయింది" అన్నాను.

"ఇన్షా అల్లా, నాకూ గట్లనే కావాలె" అని, దుపట్టా సర్దుకుని, షాజియా లోపలికి పోయింది.

ఛీ, నా బతుకు! షాజియా లేచిన చోటే బల్ల మీద కూలబడ్డాను. ప్లైవుడ్ లోంచి ప్రతి మాటా వినిపిస్తోంది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, మొదటి ప్రశ్నకు బాగానే చెప్పింది. తర్వాత అదే రాగంతో మొదలుపెట్టింది, వన్స్ ఐ హాడ్ ఎ పేషెంట్ కాల్డ్ మేరీ అని.

లేచి తలుపు నెట్టాను. "ఏయ్ స్వర్ణా, యాడికి!" అని సార్ చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకుని లోపలికి పోయి షాజియా భుజం పక్కన, కెమెరాకు ఎదురుగా నిలబడ్డాను.

మేడం, ఈ అమ్మాయిది తప్పు కాదు, ఆ కథ నాది, ఆమె పేరు మేరీ కాదు శంకరవ్వ, అన్నాను. ఇక ఆగలేదు. పుస్తెలు, దారం, పసుపు కొమ్ము, వణికిన సాంబయ్య, అన్నీ వచ్చేశాయి. కాలాలు తప్పాయి, వాక్యాలు విరిగాయి. ఎక్కడ నవ్వాలో తెలియలేదు. షాజియా నోరు తెరుచుకుని నావైపు చూస్తోంది.

మేడం చివరిదాకా వింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇది నిజంగా మీదే. నేను అడిగినప్పుడు లేదని ఎందుకన్నారు?"

"సిగ్గేసింది మేడం" అన్నాను, ఇంగ్లీషులోనే.

"ఎవరి వల్ల? మీ సార్ వల్లా?"

అవునంటే సరిపోయేది. సార్ తలుపు దగ్గరే ఉన్నాడు, వాడి మీదికి తోసేయడం ఎంతసేపు? నోటిదాకా వచ్చింది కూడా.

"కాదు మేడం" అన్నాను. "శంకరవ్వ వల్ల. ఆమె నా పేషెంటని చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది."