ఎదురెదురు బండ్ల లెక్క

సత్యనారాయణపేటలో సాయంత్రం ఐదయిందంటే రోహిణి తడిగుడ్డతో నల్లబల్ల తుడుస్తుంది. గనుల ఎర్రదుమ్ము ఊరినే వదల్లేదు, బల్లని వదులుతుందా! తర్వాత ట్యూషన్ పిల్లలు చాపల మీద కూర్చుంటారు. ఒకే లెక్క పదిసార్లు అడిగినా ఆమె విసుక్కోదు. "తప్పు యాడ మొదలైందో నువ్వే వెతుకు" అంటుంది, అంతే.

ఆ బల్ల మీద రాసిన ప్రశ్న జరిగి తీరుతుంది. రోహిణి టిక్కు పెడితే ఆ జవాబు ప్రకారం, పెట్టకపోతే సరైన జవాబు ప్రకారం. తుడిచినా లాభం లేదు. పేటలో అందరికీ తెలిసిన సంగతే. ఎండాకాలం తల్లులు వచ్చి, "తొట్టి నిండే లెక్క చేయించమ్మా, నీళ్ళు రాక నాలుగు దినాలాయ" అనేవాళ్ళు. ఎదురెదురు బండ్ల లెక్క మాత్రం రోహిణి బల్ల మీద చేయించడం మానేసింది. పోయినేడు ఆ లెక్క చేయించిన రోజే ఊరి బయట మలుపులో రెండు లారీలు గుద్దుకున్నాయి.

ఆరోజు రోహిణి పాలు దించడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి, మర్నాటి పరీక్ష భయంతో ఏడో తరగతి శ్రుతి బల్ల మీద రాసేసింది: 'మా నాయన టిప్పరు సండూరులో, తాయప్ప మామ టిప్పరు కుడతినిలో ఇప్పుడే బయలుదేరినాయి. మధ్య దూరం 40 కిలోమీటర్లు. రెండూ గంటకి 40 పోతాయి. ఎప్పుడు కలుస్తాయి?'

పుస్తకంలోని రైళ్ళు మనకెందుకు, మీ ఇంటి బండ్లే రాయండని నేర్పింది తనే. రోహిణి మనసులోనే లెక్క కట్టింది. అరగంట! శ్రుతి నాన్న జగదీశ్‌కి ఫోన్ చేసింది. మోగింది గానీ ఎత్తలేదు.

శ్రుతి అప్పటికే లెక్క చేస్తోంది. ఎదురుగా వస్తే వేగాలు కూడాలని మూడు నెలలుగా నోటిమాటగా చెబుతున్నా, ఆ పిల్ల ఎప్పటిలాగే తీసేసింది.

"నలబైలో నలబై పోతే సున్నా. సున్నాతో భాగించేకి కాదు కదక్కా? అంటే కలవనే కలవవు." వెనక్కి తిరిగింది. "తప్పా?"

తప్పుకి టిక్కు పెట్టి ఎరగదు రోహిణి.

"సరిగ్గానే ఉండాది" అంటూ పెట్టేసింది.

జగదీశ్ ఏడింటికి నేరుగా అక్కడికే వచ్చి కూతుర్ని పొదువుకున్నాడు. "తాయప్ప బండి లైట్లు కండ్లల్లో కొట్టినాయమ్మా. వస్తానే ఉండాది, వస్తానే ఉండాది. నేను ఊరు చేరితిని, అది నా దగ్గరికి రానే లేదు."

తాయప్ప ఇల్లు చేరలేదు. ఆ దారిన పోయే డ్రైవర్లకి రోజూ పొద్దుగూకే వేళ దూరంగా రెండు లైట్లు కనిపిస్తున్నాయి. హారన్ కూడా వినిపిస్తుంది. బండి మాత్రం దగ్గరికి రాదు.

వారం తర్వాత తాయప్ప భార్య దేవక్క పలక పట్టుకొచ్చి చాప చివర కూర్చుంది. రోహిణి ఆమె మొహం చూడలేకపోయింది.

"తప్పు నాదే దేవక్కా."

"తెలుసు. శ్రుతి చెప్పి ఏడ్చింది. ఇంకో లెక్క రాస్తే ఆయప్ప ఇల్లు చేరతాడా?"

"చేరతాడు. నేను రాసేదా, పిల్లలతో రాయించేదా?"

"వద్దు. ఇంకొకరు తప్పు చేస్తే నేను తట్టుకోలేను. నేనే నేర్చుకుంటా. నాకు అంకెలు గూడా రావు."

రోహిణి సుద్దముక్క ఆమె చేతిలో పెట్టింది. దేవక్క ఊపిరి బిగబట్టి పలక మీద ఒకటి అంకె వేసింది. అది వంకరపోయింది. దూరంగా ఎక్కడో హారన్ మోగింది.

"తప్పా?" అంది దేవక్క.

"తప్పే అక్కా" అంది రోహిణి. "మళ్ళీ రాయి."