బెత్తెడు ఖాళీ

సుక్కి నిప్పుల్లోంచి తీసిన కత్తి మీది బూడిదను ఉఫ్‌మని ఊదింది. ఎర్రటి మొనను ఎండిన సొరకాయ బుర్రకు ఆనించగానే సన్నగా పొగ లేచి, దాని మీది బొమ్మ ఎలుగుబంటికి నాలుగో కాలు వచ్చేసింది. అరవై ఏళ్ల మనిషి. పొగకు ఎడమకన్ను ఎప్పుడూ సగమే తెరుచుకునేది. కుడిచేతి వేళ్ల కొసలు కాలి కాలి మొద్దుబారాయి. ఆ వేళ్లతోనే నిప్పుకణిక తీసి చుట్ట ముట్టించుకునేది.

నలభై ఏళ్లు ఉత్త బుర్రలే అమ్మింది. బొమ్మలు కాల్చడం మొగుడు జోగ పోయాకే మొదలైంది. ఆమె ఎలుగుబంటి బుర్రలో జావ పోస్తే సాయంత్రానికి ఒక గుక్క తగ్గుతుందని ఉసూరు ఊరి చుట్టుపక్కల చెప్పుకునేవాళ్లు. చేప బొమ్మ ఉన్న బుర్ర వాగు దాటేటప్పుడు భుజం మీంచి జారిపోవాలని చూస్తుందట. అది కళ్లతో చూసినవాడు ఎవడూ లేడు, నమ్మనివాడూ లేడు.

పోయిన సంతలో సర్కారు కచేరీలో రాతకోతలు చూసే మున్షీ భూషణం ఆ బొమ్మలు చూసి, ఈ దసరాకు జగదల్‌పూర్ నుమాయిష్‌లో పెట్టిస్తానన్నాడు. అద్దాల పెట్టెలో పెడతారట, రాజ్యమంతా వచ్చి చూస్తుందట. సుక్కి ఇరవై ఏళ్లుగా తాను జావ తాగుతున్న పెద్ద బుర్రనే తీసి, దాని నడుం చుట్టూ తన బతుకును కాల్చింది. ఇప్పచెట్టు కింద కాళ్లు తన్నుకుంటున్న పసిపిల్ల. పూలు ఏరే పిల్ల. పెళ్లి డోలు. వల భుజాన వేసుకున్న జోగ. ఆ తర్వాత డోలీ. నలుగురు మోస్తున్నారు, లోపల లావుపాటి దొర గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. ముందున్న మనిషికి గొంతుదాకా వాగు నీళ్లు. వెట్టి మోతకు పోయిన జోగ అలాగే వాగులో పోయాడు. దొర గొడుగు మాత్రం తడవలేదు. చివర ఒంటరి ఆడది, చుట్టూ బుర్రలు. ఆమెకూ పసిపిల్లకూ మధ్య బెత్తెడు జాగా ఖాళీగా మిగిలింది.

"ఆ ఖాళీల ఏమేస్తవక్కా?" సంతకు నడుస్తూ అడిగింది ఉప్పు అమ్మే భద్రమ్మ.

"జగదల్‌పూర్ చూసినంక వేస్త. చూడంది ఎట్లేస్తనే?"

"రేపు నువ్వు పోతే నీ బుర్ర బొందకాడ పెట్టేదే గదా. గింత సింగారం దేనికి?"

"నాది ఆడ పెట్టకు. సచ్చినోళ్లంతా కళ్లు మూసుకునే ఉంటరు, ఎవరు చూస్తరు? మంది తిరిగే కాడ పెట్టు."

సంతలో మద్దిచెట్టు కింద వెదురుగడకు బుర్రలన్నీ వేలాడదీసి, నిప్పులు రాజేసుకుంది సుక్కి. పొద్దెక్కాక భూషణం వచ్చాడు. టోపీ, చంకలో గొడుగు, వాటికంటే ముందు నడిచే పొట్ట. బుర్రను మెల్లగా తిప్పుతూ మెచ్చుకుంటూ పోయి, డోలీ దగ్గర ఆగాడు.

"ఇదేంది?"

"డోలీ అయ్యా."

"అది నాకూ తెలుసు. లోపలెవరు?"

"దొర. పేరు తెల్వదు. మోసినోని పేరు తెలుసు. జోగ."

భూషణం చెడ్డవాడు కాదు, భయస్థుడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇది గీకెయ్యి. పైన నాలుగు పూలు కాల్చు. పెద్ద పెద్దోళ్లు చూస్తారే."

"గీకితే బుర్ర పల్చబడి జావ కారతదయ్యా."

"అద్దాల పెట్టెలో ఎవరు తాగుతారే జావ?"

"మరి జోగ?"

"చచ్చినోడికేం తెలుస్తది?"

"నాకు తెలుస్తది గదా."

భూషణం వేలు ఎత్తాడు. "సంత విడిచేలోపు గీకి ఉంచు. లేదంటే జగదల్‌పూర్ మాట మర్చిపో. ఆ డోలీ ఇక్కడ కూడా కనపడొద్దు." వేలు అలాగే చూపిస్తూ వెళ్లిపోయాడు.

సుక్కి ఆ వేలు కనుమరుగయ్యేదాకా చూసింది. జగదల్‌పూర్ కోసం పెట్టెలోంచి తీసిన పెళ్లినాటి పూసలు మెడలోనే ఉన్నాయి. గీకుడు కత్తి తీసి జోగ తల మీద ఆనించింది. చాలాసేపు అలాగే పట్టుకుంది. భద్రమ్మ ఉప్పు కొలవడం మానేసి చూస్తోంది. సుక్కి ఆ కత్తిని పక్కన పడేసి, రెండోదాన్ని నిప్పుల్లో దూర్చింది.

బెత్తెడు ఖాళీలో ముందు టోపీ వచ్చింది. తర్వాత గొడుగు. పొట్టకు జాగా చాలక కొంచెం నొక్కాల్సి వచ్చింది. చివరగా, చాచిన వేలు.

బుర్రను గడకు ముందువైపు కట్టింది. మొదట నవ్వింది భద్రమ్మే. ఆ నవ్వు మిరపకాయల వాళ్ల దగ్గరికీ, అక్కడినుంచి కోళ్ల వాళ్ల దగ్గరికీ పాకింది. సంతంతా వచ్చి చెట్టు చుట్టూ మూగింది. మున్షీని చూసి నవ్వినవాళ్లు బుర్ర తిప్పి డోలీ చూశాక నవ్వు ఆపి దగ్గరికి వంగారు. పామేడు నుంచి వచ్చిన హుంగా అనే ముసలాయన వాగులో మనిషిని వేలితో తడిమి, "మా అయ్య గూడ ఇట్లనే పోయిండు" అన్నాడు.

పొద్దు వాలాక భూషణం తిరిగొచ్చాడు. జనం దారిచ్చారు. బుర్ర మీద తనను తాను చాలాసేపు చూసుకున్నాడు.

"ఇది నేనేనా?"

"పొట్ట కుదిరిందా అయ్యా? జాగా సాలలే."

భూషణం తెలియకుండానే పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. "జగదల్‌పూర్ బండి రేపు పొద్దున పోతుంది. నువ్వు రావద్దు" అన్నాడు.

"నాకు తెలుసయ్యా. నా నుమాయిష్ అయిపాయె. మంది మంచిగనే వచ్చిన్రు."

అతను వెళ్లాక సుక్కి మద్దిచెట్టుకు వీపు ఆనించింది. "జర నడుం వాలుస్తనే, పోయేటప్పుడు లేపు" అంది.

భద్రమ్మ ఉప్పు మూట కట్టుకుని వచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. కత్తి వేళ్ల మధ్యే ఉంది. కత్తీ చల్లగానే ఉంది, ఎన్నడూ చల్లబడని ఆ వేళ్లూ చల్లగానే ఉన్నాయి. బూడిద కింద నిప్పులు మాత్రం ఇంకా ఎర్రగా ఉన్నాయి.

బుర్రను బొందకాడికి పోనివ్వలేదు భద్రమ్మ. ఎలుగుబంటి బుర్రతో పాటు గట్టి నారతో మద్దికొమ్మకే కట్టింది. దాన్ని దింపించడానికి భూషణం రెండుసార్లు మనుషుల్ని పంపాడు. ఒకడు పక్క బుర్ర మీది ఎలుగుబంటి కరిచిందని చెయ్యి చూపించాడు. ఇంకొకడు ఎంత లాగినా ఊడలేదన్నాడు, వాగంత బరువుందట. మూడోసారి ఎవరూ రాలేదు. ఇప్పటికీ సంతనాడు గాలి వీస్తే బుర్ర మెల్లగా తిరుగుతుంది. ఇప్పచెట్టు కింది పసిపిల్లను గీకెయ్యమన్నట్టు మున్షీ వేలు చాచే ఉంటాడు, తన్నుతున్న ఆ పిల్ల కాలు సరిగ్గా అతని ముక్కు కిందే ఉంటుంది.