లేసు పువ్వూ, పొడుం డబ్బీ

నేను ఒక ఇత్తడి పొడుం డబ్బీని. ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారో నాకు బాగా గుర్తు. వసారాలో గోడకి ఆనుకుని లేసు అల్లుతూ మంగతాయారు, ఆవిడ బొడ్లో నేను. పక్కన దారం ఉండ చుడుతూ మనవరాలు జాహ్నవి. వంటింట్లో కోడలు అనంతలక్ష్మి. గుమ్మంలో సుభద్ర. ఊళ్ళో ఆడవాళ్ళు అల్లిన లేసుని పోగుచేసి నర్సాపురంలో కంపెనీకి చేర్చేది ఆవిడే.

సుభద్ర టేబుల్ కవరు విప్పి, వెలుతురుకి ఎత్తి చూసి నవ్వింది.

"ఏంటి పిన్నీ, ఈ పువ్వుల్లో రేకులు చీమలు తినేశాయా?"

"ఓసినీ! నీకు సూది పట్టుకోవడం నేర్పిందే నేను. నా పువ్వుకి వంక పెడతావటే!" అని మంగతాయారు కవరు లాక్కుంది. చూసి, పువ్వు పువ్వుకీ రేకులు లెక్కపెట్టింది. వరసంతా అంతే. ప్రతి పువ్వులోనూ చివరి రేకు లేదు. దారం అక్కడిదాకా వచ్చి, దారి తప్పినట్టు పక్క పువ్వులోకి వెళ్ళిపోయింది.

"కళ్ళు ఆనట్లేదేమో మామ్మా," అంది జాహ్నవి మెల్లగా. ఆ పిల్ల ఏం మాట్లాడినా మెల్లగానే మాట్లాడుతుంది.

"నా కళ్ళకేమే? కాలవ అవతల పడవ మీద ఎవరున్నారో ఇక్కణ్ణుంచి చెబుతాను!"

అది నిజమే. అంటూనే ఆవిడ చెయ్యి నా దగ్గరకి వచ్చింది. మూత తీసి, చిటికెడు పొడుం పై చిగురుకి రాసుకుంది.

నేను పుట్టింది అజ్జరంలో, ఒక కంచరి చేతిలో. మంగతాయారు భర్త సూర్రావు నన్ను కొనుక్కున్నాడు. ఆయన పొడుం పీల్చి తుమ్మితే పెరట్లో కోళ్ళు చెదిరిపోయేవి. "ముక్కా అది, మురుక్కాలవా?" అని మంగతాయారు నన్ను గూట్లోంచి విసిరేసిన రోజులున్నాయి. అలాంటిది, ఒకసారి ఆవిడకి పన్ను సలిపితే సూర్రావే, "రవ్వంత చిగురుకి రాయవే, తిమ్మిరెక్కుద్ది," అన్నాడు. తిమ్మిరెక్కింది. ఆయన పోయాక నేను గూట్లోంచి ఆవిడ బొడ్లోకి చేరాను.

నొప్పి తెలియకపోతే జబ్బు పోయిందనుకోవడం మనుషులకి అలవాటు. నేను నొప్పిని జోకొట్టి పడుకోబెట్టేదాన్ని, అంతే. లోలోపల చిగురు వాస్తూనే ఉంది. పుక్కిలించి ఉమ్మితే నీళ్ళు ఎర్రగా పడేవి. ఆవిడ వాటి మీద మరో చెంబుడు నీళ్ళు పోసేసేది. కదులుతున్నది పై పన్ను. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని ఆ ఊళ్ళో అందరి నమ్మకం.

"కింది పన్నయితే ఎప్పుడో పీకించుకుందును. కళ్ళు పోతే లేసు ఎలా అల్లేదీ?" అనేది. ఆ భయంతోనే ఆ పన్నుని కాపాడుకుంటూ వచ్చింది.

సుభద్ర వచ్చి వెళ్ళిన వారానికే దవడ బాగా వాచింది. కోడలూ మనవరాలూ కలిసి ఆవిణ్ణి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, చీముందనీ, పన్ను తీసేసి చిగుళ్ళు శుభ్రం చెయ్యాలనీ చెప్పింది. అంతా విని లేవబోతుంటే, జాహ్నవి మామ్మ ఎప్పుడో లేసు అల్లిపెట్టిన చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"మా మామ్మ పువ్వు పూర్తి చెయ్యడం మర్చిపోతోందండీ. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది. దానికీ దీనికీ ఏమైనా..."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీస్తూ ఆగింది. "చిగుళ్ళ జబ్బు బాగా ముదిరినవాళ్ళలో మతిమరుపు ఎక్కువగా కనిపిస్తోందని కొన్ని పరిశోధనలు అంటున్నాయమ్మా. ఇదే కారణమని మాత్రం ఇంకా తేలలేదు. మతిమరుపు మొదలైనవాళ్ళు పళ్ళు సరిగ్గా తోముకోరు కదా, అలా కూడా అయ్యుండొచ్చు."

"అంటే ఇది బాగైతే అదీ బాగవుతుందాండీ?" అంది అనంతలక్ష్మి ఆశగా.

"అలా మాటివ్వలేను. దానికి వేరే డాక్టరుకి చూపించండి. చిగుళ్ళు మాత్రం ఎలాగూ బాగుచేయించాలి. ఆ పొడుం మాన్పించండి."

మంగతాయారు అప్పటికే చెప్పులు వేసుకుంది. "నా కళ్ళు తీసేద్దామని తీసుకొచ్చారటే నన్ను?" అని గది అదిరిపోయేలా అరిచింది. మందుబిళ్ళలతో వాపు తగ్గింది. రెండో డాక్టరు బుర్రకి ఫోటోలు తీయించి, వేరే మాత్రలు రాసిచ్చాడు. పళ్ళ కుర్చీలో కూర్చోవడానికి మాత్రం ఆవిడ మళ్ళీ ఒప్పుకోలేదు.

పొద్దున్నే గోరువెచ్చటి ఉప్పునీళ్ళూ మెత్తటి బ్రష్షూ పట్టుకుని జాహ్నవి ఆవిడ వెంట తిరిగేది. కొన్నాళ్ళు మంగతాయారు బుద్ధిగా నోరు తెరిచేది. ఒకనాడు పిల్ల వేలు కొరికింది. పిల్ల ఏడవలేదు. వేలికి గుడ్డ కట్టుకుని, "పువ్వు నేర్పవా మామ్మా?" అని పక్కన కూర్చుంది. మంగతాయారు చకచకా నేర్పింది. చివరి రేకు దగ్గరికొచ్చి, సూది గాల్లో పట్టుకుని మనవరాలి మొహంలోకి చూసింది.

తర్వాత ఆ పన్ను అన్నం ముద్దలో దానంతటదే ఊడిపోయింది. చూపు పోలేదు. మర్నాడు వసారాలోంచి కాలవ అవతలికి చూసి, "పడవ మీద ఎర్ర చొక్కా ఆయనెవరో మనింటికేసే చూస్తున్నాడే," అంది. ఆ ఎర్ర చొక్కా ఆయన ఆవిడ కొడుకే.

ఆ రేకుని తిన్నది నేనేనా? చిగురా? ముసలితనమా? డాక్టరమ్మే తేల్చలేనిది ఇత్తడి ముక్కని నేనేం తేలుస్తాను? కానీ చిటికెడు చిటికెడుగా ఆ చిగురుని మభ్యపెట్టింది నేనే కదా.

నిన్న ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు జాహ్నవి నన్ను తీసుకుని కాలవగట్టుకి పరిగెత్తింది. విసరడానికి చెయ్యెత్తింది. నా మూత మీద సూర్రావు మేకుతో గీసుకున్న పేరు చూసింది కాబోలు, చెయ్యి దించేసింది. పొడుమంతా నీళ్ళలో దులిపి, నన్ను చింతపండుతో తోమి, బోసిగా గుప్పిట్లో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఖాళీ డబ్బీ బొడ్లో ఉన్నా మామ్మ చెయ్యి ఊరుకుంటుందని ఆ పిల్ల ఆశ.

గుమ్మంలో మంగతాయారు నిలబడి ఉంది. తడి జుట్టు, చక్కటి చూపు. ఆ చూపు పిల్ల మొహం మీదుగా జారి చున్నీ అంచు మీద ఆగింది.

"లేసు బాగుంది పిల్లా. ఎవరల్లారు?"

"నువ్వే మామ్మా."

ఆవిడ అంచుని వేళ్ళతో తడిమింది. ఒక్కో పువ్వునీ చివరి రేకుదాకా తడిమింది. తర్వాత మర్యాదగా నవ్వింది.

"మా అమ్మ ఇంట్లో లేదమ్మా. మళ్ళీ రా," అని తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంది.