బూట్లు విప్పేదాకా

సోమనర్సయ్య ఎడమ బూటు లేసు బిగించి లేచి నిలబడ్డాడు. మడమతో నేలను రెండుసార్లు కొట్టాడు. ఆ చప్పుడుకు పిల్లి ఎక్కడున్నా వచ్చి, వరండా మూలనున్న వెదురు గంప కిందికి దూరాలి. గంప అంచు ఒకవైపు ఇటుక మీద ఆని ఉంటుంది. పిల్లి దూరగానే ఆయన ఇటుకను కాలితో జరుపుతాడు. గంప మూతపడ్డాక గడప దాటుతాడు. రోజూ జరిగేది ఇదే. ఇవాళ మళ్లీ కొట్టాడు. గంప కింద ఏమీ కదల్లేదు.

ఐదున్నర కావస్తోంది. కుళాయి దగ్గర బిందెలు మోగుతున్నాయి. దూరంగా థర్మల్ పొగగొట్టం మీద ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది.

వంటింట్లో చూశాడు. మంచం కింద చూశాడు. మంచం మీద, భార్య చిలుకమ్మ పడుకునే వైపు, బొంతలో పిల్లి పడుకున్న గుంట కనిపించింది. చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

గనిలోకి దిగే మనిషికి పిల్లి ఎదురు రాకూడదు. ఖాళీ బిందె ఎదురు రాకూడదు. ఎటు పోతున్నావని ఎవరూ అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బూట్లు తొడిగి గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. భూపాలపల్లి క్వార్టర్లలో ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పరు. నడక వచ్చినప్పుడే వస్తుంది. చిలుకమ్మ మాత్రం కేసముద్రం పిల్ల. వాళ్ల నాయిన మార్కెట్‌లో మిర్చి బస్తాలు కుట్టేవాడు. పెళ్లయిన రెండో ఏడు ఒక పొద్దున ఆమె గేటు దాకా పరిగెత్తి, "ఇగో, సద్ది మర్సినవ్" అని కేకేసింది. ఆ రోజే పైకప్పు రాయి జారి సోమనర్సయ్య ఎడమ కాలి వేళ్లు రెండు నలిగి, తీసేయాల్సి వచ్చింది.

దవాఖాన నుంచి వచ్చాక ఆరు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు మాట్లాడాడు గానీ ఆ కేకను మాత్రం మాఫీ చేయలేదు. చలికాలంలో వేళ్లు లేని చోట నొప్పి లేచినప్పుడల్లా "అంత నీ నోటి పుణ్యమే" అనేవాడు. ఆమె వేడినీళ్లు తెచ్చి కాలు కడిగేది. మళ్లీ ఎన్నడూ పిలవలేదు.

పిల్లిని తెచ్చిందీ ఆమే. పనీపాటా లేకుండా కూర్చుని తింటుందని దొరసాని అని పేరు పెట్టింది. పెనిమిటికి ఎదురు రాకుండా గంప అలవాటు చేసింది. గంప తేలికే. పిల్లి తలుచుకుంటే తోసుకుని బయటికి రావచ్చు. ఆయన మూల తిరిగేదాకా రాదు. చిలుకమ్మ పోయి పద్నాలుగు నెలలు. ఆ ఇంట్లో ఆయన కాకుండా ఊపిరి తీసేది ఆ పిల్లి ఒక్కటే. ఆ మాట ఆయన ఎవరి దగ్గరా అనలేదు, తన మనసులో కూడా అనుకోలేదు.

ఫోన్ తీసి భోజ్యాకు చేశాడు. భోజ్యాది రెండో షిఫ్టు, గనిలో ఈయన కాపలా ఉండే పంపు కాడే.

"భోజ్యా, పొద్దటి డ్యూటీ నువ్వు పో. పగటిది నేను పోత."

"ఏమైందన్నా, పాణం బాగ లేదా?"

"పిల్లి కనవడ్తలేదు."

"పిల్లా?"

"అదెక్కడున్నదో ఎరుక లేకుంట ఎట్ల పోవాలె? మూల మీద ఎదురొస్తే?"

"వస్తే ఇంటికొచ్చి నీళ్లు తాగి మల్ల పోతవ్. లోకమంత గట్లనే పోతది."

"పోతవా, పోవా?"

"పోత తియ్యే. నీతోని పెట్టుకునుడు నాతోని గాదు. రెండున్నరకు మాత్రం గని గేటు కాడ ఉండాలె."

బూట్లు విప్పలేదు. దొరకగానే డ్యూటీకి పోవచ్చు అనుకున్నాడు. నీలం చొక్కా, బెల్టు, చేతిలో టోపీ, అలాగే గేటు దాటాడు. బక్క మనిషి. మెడ మడతల్లో, చెవుల వెనక, బొగ్గు సబ్బుకు లొంగకుండా ఉండిపోయింది. ఇరవై ఏళ్లుగా పంపు కాడ డ్యూటీ. భూమి కింద ఒక మూలకు నీళ్లు చేరతాయి. పంపు వాటిని పైకి తోస్తుంది. అది ఆగకుండా ఈయన కూర్చుని వింటాడు. ఎనిమిది గంటల్లో నలుగురు మనుషులు కూడా కనిపించరు. ఆయనకు అదే హాయి. పైన ఉంటే చెవులకు ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

ఇళ్ల ముందరి మురుగు మోరీ వెంట వంగి చూసుకుంటూ నడిచాడు. రెండిళ్ల అవతల గేటు కిర్రుమంది. వెనక గాజులు గలగలమన్నాయి, ఆగాయి. నీరజ అని తెలుసు. తిరిగి చూడలేదు. చిలుకమ్మ గుండె నొప్పితో పడిపోయిన రోజు ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది నీరజే. గనిలోకి కబురు మాత్రం పంపలేదు. మూడింటికి పైకి వచ్చినప్పుడు టోపీ దీపాలు అప్పజెప్పే గది దగ్గర నీరజ పెనిమిటి తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అప్పటికి అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంటితో ఆయనకు మాటల్లేవు.

ఆటోల కింద చూశాడు. పొట్టు బస్తాల వెనక చూశాడు. పేరు పెట్టి పిలవాలంటే సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఆయన దాన్ని "ఏయ్" అనే అన్నాడు. "ఏయ్" అంటే అది వచ్చేది కాదు, పోయేది.

మలుపు దగ్గర మున్సిపాలిటీ చెత్తబండి సక్రు ఎదురొచ్చాడు. ఎదురుగా వచ్చిన మనిషి మాట్లాడొచ్చు.

"మోరీల ఏం దేవులాడుతున్నవన్నా?"

"దొరసాని."

సక్రు చీపురు ఆపాడు. "ఏ దొరసాని?"

"పిల్లి. పేరు నేను పెట్టలే."

"మోరీల దొరసానిని దేవులాడెటోన్ని నిన్నే చూస్తున్న." నవ్వి, అంతలోనే నవ్వు మానేశాడు. "తెల్లారంగ మీ లైనుల కుక్కలు మస్తు లొల్లి జేసినయ్. నీరజ చీపురు పట్టుకొని ఎంటవడ్డది. ఆమెనడుగు, చెప్తది."

"గా ఇంటోళ్లతోని నాకు మాటల్లేవ్."

"పిల్లికైతే ఉన్నయ్ గద."

"నీ పని నువ్వు చూసుకో."

సక్రు బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. కుక్కలు తరిమితే పిల్లి దూరంగా పోయి ఎక్కడో దాక్కుని ఉంటుందని సోమనర్సయ్య అనుకున్నాడు. అంతకుమించి నీరజకు ఏం తెలుస్తుంది?

ఏడు దాటాక నీరజ బిందె చంకన పెట్టుకుని ఎదురుగానే వచ్చింది. నిండు బిందె. నడక వేగం పెంచింది. ఏదో చెప్పడానికి పెదవులు విడదీసింది. ఆయన మొహం పక్కకు తిప్పి సందులోకి మళ్లాడు.

పది గంటలకు గట్టమ్మ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాడు. గట్టమ్మ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి ఆయన బూట్లు చూసింది. మోరీ బురద చీలమండ దాకా ఎండిపోయి ఉంది.

"సక్రు చెప్పిండు. ఇంక దొరకలేదా?"

"దొరుకుతది."

"నీరజనడుగుతే నోరు అరిగిపోతదా?"

ఆయన చాయ్ ఊదుకున్నాడు.

"పెండ్లామున్నన్నొద్దులు పెండ్లాంతోని లొల్లి. అది పోయినంక వాడతోని లొల్లి. ఇగ పిల్లితోని గూడ పెట్టుకున్నవా ఏంది? గందుకే పోయిందేమో." గట్టమ్మ తన మాటకు తనే నవ్వి, గ్లాసులు కడిగే నీళ్లు రోడ్డు మీద చల్లింది. "పాత క్వార్టర్ల కాడ పిల్లులు తిరుగుతయ్. ఓసారి చూసిరా."

పాత క్వార్టర్లలో మనుషులు లేరు. తలుపులు, కిటికీలు ఎవరో పీక్కుపోయారు. ఒక్కొక్క గది దాటుతూ పోయాడు. గోడల మీద పాత పంచాంగాల మేకులు ఉన్నాయి. ఒక వంటింటి అటక మీద బూడిద రంగు తోక కనిపించింది. చుట్టూ చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, గొంతు తగ్గించి "దొరసానీ" అన్నాడు. జీవితంలో మొదటిసారి. తోక తిరిగింది. వేరే పిల్లి. కిటికీలోంచి దూకి పోయింది. సోమనర్సయ్య అక్కడే కొంతసేపు టోపీ పట్టుకుని నిలబడ్డాడు. పిలిచినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

తిరిగి వస్తుంటే దూరం నుంచే నీరజ గేటు బయట కనిపించింది. దారి మార్చి వెనక సందులోంచి ఇంటికి వచ్చాడు.

ఒంటిగంట దాటింది. కాలు మంట పుడుతోంది. గడప మీద కూర్చుని కుడి బూటు విప్పాడు. ఎడమది విప్పితే సాక్సు రక్తంతో అంటుకుని ఉంది. మెల్లగా లాగాడు. రెండు బూట్లూ పక్కన పెట్టాడు.

అప్పటిదాకా ఆ గేటు బయటే ఆగినట్టు నీరజ లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయి. చేతులకు సబ్బు నురగ. వరండా మెట్టు ఎక్కకుండా నిలబడింది.

"కాకా, బూట్లు ఇప్పినవ్ గద. ఇప్పుడు చెప్పొచ్చా?"

ఆయన ఆమె కాళ్ల వైపే చూస్తున్నాడు.

"పిల్లి మా ఎనుక దొడ్ల ఉన్నది."

"బతికున్నదా?"

"పన్నెండింటి దాక ఉండె."

వట్టి కాళ్లతో ఆమె వెంట వెళ్లాడు. బట్టలుతికే బండ పక్కన ఒక అట్టడబ్బా. అందులో పాత చున్నీ మీద పిల్లి. ముందు సగం బాగానే ఉంది, పడుకున్నట్టే. నడుము నుంచి వెనక్కి చున్నీ కప్పి ఉంది. మూతి చుట్టూ పాలు ఎండి తెల్లగా కనిపిస్తున్నాయి. బండ మీద, పసిపిల్లలకు మందు పోసే ఫిల్లర్.

"తెల్లారకముందే కుక్కలు పట్టినయ్. చీపురుతోని కొడితె ఇడిసినయ్ గని నడుము ఇరిగింది. నీకు చెప్దామని ఉరికొచ్చిన. అప్పటికే నువ్వు బూట్లు తొడిగి గేటు దాటినవ్. ఎనుకకెల్లి ఎట్ల పిలువాలె?"

"ఎదురుంగ రావొచ్చు గద."

"రాలేదా? మొఖం తిప్పుకుంటివి."

ఆయన వంగి పిల్లి చెవిని వేలితో తాకాడు. "అరవనన్న అరవలే. నేను గిక్కడికెల్లే తిరిగిన."

"అరువలే కాకా. నీ బూట్ల చప్పుడు ఇనవడుడే ఆలస్యం, ముందటి కాళ్లతోని పాక్కుంట అట్ట కిందికి దూరవట్టె. మూడుసార్లు తీసి పండవెట్టిన."

దొడ్లో ఎండ నిలువునా పడుతోంది. సోమనర్సయ్య లేచి నిలబడ్డాడు. పద్నాలుగు నెలలు పళ్ల వెనక పట్టి ఉంచిన మాట అప్పుడు బయటికి వచ్చింది.

"నాడు గూడ గిట్లనే జేస్తివి. కబురు పంపకపోతివి."

నీరజ చేతుల నురగ చీర కొంగుకు తుడుచుకుంది.

"నాడు నువ్వు గేటు దాటినంక చిన్నమ్మ దర్వాజ పట్టుకొని నిలవడ్డది. ఒళ్లంత చెమటలు. నేనే చూసి ఉరికొచ్చిన. నువ్వు ఇంక కనవడుతనే ఉన్నవ్, గా కరెంటు స్తంభం కాడ. కాకను పిలుస్త అని నోరు తెరిచిన. నా నోటి మీద చెయ్యి పెట్టింది." నీరజ తన అరచేతిని తన నోటికి అడ్డంగా పెట్టుకుని చూపించింది. తీసింది. "'గేటు దాటిండు బిడ్డా, పిలువకు' అన్నది. నువ్వు మూల తిరిగేదాక చెయ్యి తియ్యలే. దవాఖానల గూడ గదే మాట. కిందికి దిగినోనికి గిసొంటి కబురు పంపొద్దు, పైకొచ్చినంక చెప్పుండ్రి అన్నది."

"ఇన్నొద్దులు చెప్పకపోతివి."

"ఎప్పుడు చెప్పాలె కాకా? బూట్ల మీదుంటే పిలువొద్దు. బూట్లు ఇప్పినంక తలుపేసుకుంటివి."

ఆయన స్తంభం వైపు చూశాడు. ఆ దొడ్లోంచి అది కనిపించదు. అయినా చూశాడు.

"గడ్డపార ఉన్నదా?" అన్నాడు.

తన క్వార్టర్ వెనక గోడ పక్కన తవ్వాడు. జానెడు లోతు దాకా బొగ్గు పొడి. ఆ కింద ఎర్రమట్టి. చున్నీతోనే పెట్టాడు. మట్టి కప్పి, పైన చేత్తో అదిమాడు. నీరజ గడ్డపార తీసుకోవడానికి వచ్చి, ఆయన అదమడం ఆపేదాకా దూరంగానే నిలబడింది. చాలాసేపు అదిమాడు.

రెండింటికి భోజ్యా గని పైకి వచ్చి ఫోన్ చేశాడు. "అన్నా, ఎక్కినవా బండి? దొరికిందా దొరసాని?"

"దొరికింది."

"మంచిదాయె. మల్ల గంప కింద పెట్టినవా?"

"పెట్టిన," అని ఫోన్ జేబులో వేసుకున్నాడు.

కాళ్లు కడుక్కుని, ఎడమ కాలికి పాత గుడ్డ చుట్టి, బూట్లు తొడిగాడు. ఈసారి మడమ కొట్టలేదు. తాళం వేసి గేటు దాటాడు. నీరజ తన గేటు దగ్గర నిలబడి ఉందని చూడకుండానే తెలుసు. నాలుగడుగులు వేసి కరెంటు స్తంభం దగ్గర ఆగాడు. వీపు ఆమె వైపే. టోపీ చేతిలో ఉంది. వెనక్కి తిరగలేదు, ముందుకూ పోలేదు. పగలు షిఫ్టుకు పోయే మనిషి అలా నడివీధిలో నిలబడటం ఆ లైనులో ఎవరూ చూడలేదు. బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ము నేలకు దిగేదాకా నిలబడ్డాడు.

ఆమె పిలవలేదు. పిలిచి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

సోమనర్సయ్య టోపీ పెట్టుకుని మూల తిరిగాడు. నీరజ లోపలికి పోయి, దొడ్డి తలుపు తీసింది. సగం ఉతికిన బట్టలు బకెట్లో ఉన్నాయి. బండ మీద ఫిల్లర్ అలాగే పడి ఉంది. దాని గొట్టంలో సగం దాకా నిలిచిన పాలు ఎండకు విరిగాయి. మొన దగ్గర ఒక చుక్క, రాలకుండా, ఆగి ఉంది.